‘తాజా అధ్యయనంలో తేలింది’ అన్న వార్త వస్తే అసలు పరిశోధన పత్రం దాకా వెళ్ళడం ఎలా?

2025 జూన్‌లో ఒక వార్త ప్రపంచమంతా చుట్టి వచ్చింది. చాట్‌జీపీటీ వాడేవారి మెదడు మొద్దుబారిపోతోందని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు తేల్చారన్నది దాని సారం. ఆ పరిశోధకులు మాత్రం తమ వెబ్‌సైట్‌లో ప్రశ్నలు, జవాబుల పేజీ ఒకటి తెరవాల్సి వచ్చింది. ‘మొద్దు’, ‘తెలివితక్కువ’, ‘మెదడు కుళ్ళిపోవడం’, ‘హాని’ వంటి మాటలు తాము వాడలేదని, దయచేసి మీరూ వాడవద్దని అందులో విలేఖరులను కోరారు. అప్పటికే ఆలస్యమైంది. శీర్షికలు తమ దారిన తాము పోయాయి.

మనస్తత్వశాస్త్రం, సాంకేతికత, సామాజిక శాస్త్రాల పరిశోధనలకే ఈ గతి ఎక్కువగా పడుతుంది. నక్షత్రాల గురించిన పత్రం చదివి ఎవరూ తమ పిల్లల పెంపకం మార్చుకోరు. ఫోన్లు, చదువులు, జ్ఞాపకశక్తి, డబ్బు విషయంలో అలా కాదు. మర్నాడే ఇంట్లో అమలు మొదలవుతుంది. అందుకే అమలుకు ముందు ఒక అరగంట పెట్టి మూల పత్రం చూడటం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతున్నాను. ఫోను ఉంటే చాలు. ఇంగ్లీషు చదవగలగాలి, లెక్కలు పదో తరగతి స్థాయిలో వస్తే సరిపోతుంది. ఎంఐటీ పత్రాన్నే ఎక్కువగా ఉదాహరణగా తీసుకుంటాను.

1. వార్తలో ఆనవాళ్ళు వెతకండి

మొదట వార్తలో నాలుగు వివరాలు చూడండి: విశ్వవిద్యాలయం, పరిశోధకుల్లో ఒకరి పేరు, ప్రచురించిన జర్నల్ (పరిశోధన పత్రిక), సంవత్సరం. వీటిలో రెండు దొరికినా పని నడుస్తుంది. ‘అమెరికా శాస్త్రవేత్తలు కనుగొన్నారు’ అని తప్ప మరే ఆనవాలూ లేకపోతే అక్కడితో వదిలేయండి, వెతకడం కూడా దండగ. సంవత్సరం తప్పక చూడండి. పదేళ్ళ నాటి పత్రం ‘తాజా’ అన్న ముద్రతో తిరుగుతూ ఉండటం మామూలే. అధ్యయనం చేయించింది విశ్వవిద్యాలయమా, సరుకు అమ్ముకునే కంపెనీయా అన్నదీ ఇక్కడే తేలిపోతుంది. పరుపుల కంపెనీ నిద్ర మీద చేయించిన సర్వేలో అందరికీ నిద్ర చాలడం లేదనే తేలుతుంది మరి.

2. పత్రికా ప్రకటన దగ్గర ఆగిపోకండి

ఫోనులో, పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ తెరిచి, పరిశోధకుడి ఇంటిపేరుతో పాటు అంశానికి సంబంధించిన రెండు మూడు ఇంగ్లీషు మాటలు కొట్టండి. ఫలితం పక్కన పీడీఎఫ్ అని కనిపిస్తే అదృష్టం. లేకపోతే ఆ ఫలితం కిందే ‘అన్ని ప్రతులు’ చూపే లింకు ఉంటుంది, దాన్ని నొక్కండి. జర్నల్ డబ్బు అడుగుతున్నా, అదే పత్రం రచయిత సొంత పేజీలోనో, ఆర్కైవ్, సైఆర్కైవ్, ఎస్ఎస్ఆర్ఎన్ వంటి ఉచిత భాండారాల్లోనో తరచుగా దొరుకుతుంది. కంప్యూటర్‌లో అయితే అన్‌పేవాల్ అనే చిన్న ఉపకరణాన్ని బ్రౌజర్‌కు జతచేసుకుంటే ఆ వెతుకులాట అదే చేసిపెడుతుంది.

ఇంట్లో ఎవరైనా ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనో, ప్రభుత్వ కళాశాలలోనో చదువుతున్నారా? అయితే వాళ్ళను అడగండి. కేంద్రం 2025 జనవరి 1న ప్రారంభించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు, దాదాపు 13,000, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఒకప్పుడు పెద్ద పెద్ద సంస్థల గ్రంథాలయాల్లో తప్ప దొరకని పత్రికలు ఇప్పుడు జిల్లా కేంద్రంలోని డిగ్రీ విద్యార్థి లాగిన్‌తో తెరుచుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే పత్రం మొదటి పేజీలో రచయిత ఈమెయిల్ ఉంటుంది. మర్యాదగా రెండు వాక్యాలు రాసి ప్రతి అడగండి. తమ పత్రం చదువుతామని ఎవరైనా అడిగితే పరిశోధకులకు సంతోషమే.

వెతుకులాటలో ముందుగా తగిలేది సాధారణంగా అసలు పత్రం కాదు, విశ్వవిద్యాలయం విడుదల చేసిన పత్రికా ప్రకటన. చదవడానికి హాయిగా ఉంటుంది, బొమ్మ కూడా ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. గోరంతను కొండంత చేసేది విలేఖరులేనని మనం అనుకుంటాం. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయ బృందం ఈ సంగతి లెక్క తీసి 2014లో బీఎంజే అనే వైద్య జర్నల్‌లో ప్రచురించింది. 20 బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు 2011లో ఆరోగ్య సంబంధ పరిశోధనలపై ఇచ్చిన 462 ప్రకటనలను, వాటికి మూలమైన పత్రాలను, వాటిపై వచ్చిన వార్తలను పక్కపక్కన పెట్టి చూశారు. పత్రంలో ‘ఇది, అది కలిసి కనిపించాయి’ అని ఉంటే ‘దీనివల్లే అది జరిగింది’ అని సాగదీసిన ప్రకటనలు మూడో వంతు ఉన్నాయి. ప్రకటనే సాగదీస్తే వార్తల్లో 81 శాతం సాగదీశాయి. ప్రకటన నిదానంగా ఉన్నచోట వార్తల్లో 18 శాతమే హద్దు దాటాయి. ఇంకో చిత్రం, అలా సాగదీసినందువల్ల వార్తలు ఎక్కువగా వచ్చాయా అంటే, అదీ కనిపించలేదు. ప్రకటన రాసినవారికి శ్రమే మిగిలిందన్నమాట.

పత్రం చేతికొచ్చాక దాన్ని ఏఐకి ఇచ్చి ‘సారాంశం చెప్పు’ అనాలని చేతులు ఉవ్విళ్ళూరుతాయి. ఎంఐటీ పత్రం రెండు వందల పేజీలు దాటుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువగా ఉవ్విళ్ళూరుతాయి. దాని రచయితలు ఇది ముందే ఊహించినట్టున్నారు. పత్రం మొదట్లోనే ‘మీరు భాషా నమూనా (చాట్‌జీపీటీ వంటి ఏఐ) అయితే కింది పట్టిక మాత్రమే చదవండి’ అని ఒక వాక్యం పెట్టారు. సారాంశం అడగవచ్చు, కానీ కింద చెప్పే మూడు నాలుగు విభాగాలు మాత్రం మీ కళ్ళతోనే చూడండి.

3. ఇది ఏ దశలో ఉన్న పత్రం?

పత్రం ఆర్కైవ్‌లో మాత్రమే ఉంటే అది ప్రీప్రింట్, అంటే తోటి పరిశోధకుల సమీక్షకు ఇంకా నిలవనిది. ఎంఐటీ పత్రం 2025 జూన్‌లో ప్రీప్రింట్‌గానే బయటికి వచ్చింది, వార్తలన్నీ దాని మీదే అల్లారు. ప్రీప్రింట్ అనగానే కొట్టిపారేయనక్కర్లేదు. మంచి పత్రాలెన్నో ముందు అలాగే వస్తాయి. కాకపోతే దాని మీద ఇల్లు కట్టకూడదు.

ఎందుకో చెప్పడానికి అదే ఎంఐటీలో జరిగిన ఇంకో ఉదంతం ఉంది. ఏఐ పరికరం ఇచ్చిన ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు 44 శాతం ఎక్కువ కొత్త పదార్థాలు కనుగొన్నారంటూ ఒక పీహెచ్‌డీ విద్యార్థి 2024 నవంబరులో ప్రీప్రింట్ పెట్టాడు. పేరున్న ఆర్థికవేత్తలు మెచ్చుకున్నారు, పత్రికలు రాశాయి. 2025 మేలో ఎంఐటీ ఒక ప్రకటన చేసింది: ఆ సమాచారం ఎక్కడిదన్న విషయంలో గానీ, దాని విశ్వసనీయతలో గానీ తమకు నమ్మకం లేదని, పత్రాన్ని ఆర్కైవ్ నుంచి తీసేయాలని. ఆ 44 శాతాన్ని ఉటంకించే వ్యాసాలు మాత్రం ఇంకా వెతికితే దొరుకుతాయి.

సమీక్ష దాటి జర్నల్‌లో వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. ఆ కథ ఏడో మెట్టులో వస్తుంది.

4. ముగింపు వదిలి, ‘పద్ధతులు’ చదవండి

పత్రం మొదట్లో ఉండే సారాంశం ఒకసారి చూసి, నేరుగా పద్ధతుల విభాగానికి వెళ్ళండి. ముగింపులో రచయితల ఆశలు ఉంటాయి, పద్ధతుల్లో వారు నిజంగా ఏం చేశారో ఉంటుంది. ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఎవరి మీద చేశారు, ఎంతమంది మీద చేశారు, ఏం కొలిచారు.

ఎంఐటీ పత్రంతో చేసి చూద్దాం. బోస్టన్ ప్రాంతపు విశ్వవిద్యాలయాల నుంచి 54 మంది, వయసు 18 నుంచి 39 దాకా. మూడు బృందాలు. ఒక బృందం చాట్‌జీపీటీతో, మరొకటి మామూలు వెతుకుయంత్రంతో, మూడోది ఏ సాయమూ లేకుండా వ్యాసాలు రాయాలి. ఒక్కో వ్యాసానికి 20 నిమిషాలు. రాస్తున్నంతసేపూ తల మీద, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరికరం ఉంటుంది. ఇలా మూడు విడతలు. నాలుగో విడతలో తారుమారు చేశారు: ఏఐతో రాసినవారు ఒంటరిగా, ఒంటరిగా రాసినవారు ఏఐతో. ఈ విడతకు మిగిలింది 18 మందే, వారిని మళ్ళీ రెండుగా విడదీశారు. అతి ఎక్కువగా చర్చకు వచ్చిన ఫలితాల్లో కొన్ని ఈ కొద్దిమంది మీద నిలబడి ఉన్నాయి. ఈ ఒక్క సంగతి రాసుకుంటే చాలు, శీర్షిక సగం గాలి పోతుంది.

ఇక కొలిచినది. మెదడులోని వేర్వేరు భాగాల విద్యుత్ తరంగాల మధ్య అనుసంధానం ఎంత బలంగా ఉందో చూశారు. సాయం లేకుండా రాసినవారిలో అది ఎక్కువ, వెతుకుయంత్రం వాడినవారిలో మధ్యస్థం, చాట్‌జీపీటీ వాడినవారిలో తక్కువ. పని సులువైతే మెదడు తక్కువ శ్రమపడటంలో వింత లేదు. అది ఆ ఇరవై నిమిషాల సంగతి. మెదడు శాశ్వతంగా చెడిందని చెప్పే కొలత ఇందులో లేదు. నాకు ఈ పత్రంలో నిజంగా ఆలోచింపజేసినవి వేరే రెండు. మొదటి విడతలో చాట్‌జీపీటీ వాడినవారిలో 83 శాతం మంది, అప్పుడే రాసిన తమ వ్యాసంలోంచి ఒక్క వాక్యాన్ని కూడా సరిగ్గా అప్పజెప్పలేకపోయారు. రెండోది నాలుగో విడతలోది: ముందు సొంతంగా రాసి, ఆ తర్వాత ఏఐ వాడినవారి మెదడు చురుకుగానే ఉంది, జ్ఞాపకమూ మెరుగ్గా ఉంది. ఇంటర్ చదివే పిల్లవాడికి చెప్పదగ్గ మాట ఏదైనా ఉంటే ఇందులోనే ఉంది. శీర్షికల్లో అది దాదాపు కనిపించలేదు.

‘ఎవరి మీద’ అన్నది మనకు ఇంకాస్త ముఖ్యం. హెన్రిక్, హైనే, నోరెన్‌జయాన్ అనే పరిశోధకులు 2010లో రాసిన పత్రం ప్రకారం, మనస్తత్వశాస్త్రపు ప్రధాన జర్నళ్ళలో పరిశోధనకు నిలిచినవారిలో 96 శాతం మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారే. ఆ దేశాల్లో ఉన్నది ప్రపంచ జనాభాలో 12 శాతం. అమెరికా కళాశాల విద్యార్థుల మీద తేలినది ఉమ్మడి కుటుంబంలో పెరిగిన తెనాలి పిల్లకు వర్తిస్తుందో లేదో ఆ పత్రం చెప్పదు, చెప్పలేదు కూడా.

5. చీటీలు తీశారా, గమనించి ఊరుకున్నారా?

పద్ధతుల్లోనే ఇంకో ప్రశ్న ఉంది. ఎవరికి ఏది అందాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారా? లేక జనం తమంతట తాము చేస్తున్నదాన్ని లెక్కవేశారా? రెండో రకమైతే ‘దీనివల్ల అది’ అనడానికి వీల్లేదు. ఫోను ఎక్కువగా చూసే పిల్లలు దిగులుగా ఉన్నారంటే, ఫోను వల్ల దిగులు రావచ్చు, దిగులుగా ఉన్నవారు ఫోను పట్టుకుని ఉండవచ్చు, ఇంట్లో గొడవలే రెండింటికీ మూలం కావచ్చు.

లాటరీ పద్ధతికి మంచి ఉదాహరణలు మన దగ్గరే జరిగాయి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరో ఇద్దరు కలిసి హైదరాబాద్‌లో 104 పేద బస్తీలను తీసుకున్నారు. అందులో లాటరీలో వచ్చిన 52 బస్తీల్లో ముందుగా స్పందన సంస్థ సూక్ష్మరుణ (పేదలకు చిన్న అప్పులిచ్చే) శాఖలు తెరిచింది. మిగిలిన 52తో పోల్చి చూశారు. 2015లో వెలువడిన ఫలితం అటు సూక్ష్మరుణాలను ఆకాశానికెత్తినవారికీ రుచించలేదు, ఇటు దుమ్మెత్తిపోసినవారికీ రుచించలేదు. చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కాస్త పెరిగింది. కుటుంబ ఖర్చు మొత్తంగా చెప్పుకోదగ్గంత పెరగలేదు. చదువు, ఆరోగ్యం, మహిళల నిర్ణయాధికారం విషయంలో మార్పు కనిపించలేదు. అప్పు తీసుకున్న నలుగురైదుగురు మహిళల ఇంటర్వ్యూలతో ఈ సంగతి బయటపడేది కాదు. ఎందుకంటే అప్పు తీసుకునేవారు, తీసుకోనివారు మొదటి నుంచీ ఒకే రకం మనుషులు కారు.

6. ‘ఎంత?’ అని అడగండి

పత్రంలో ప్రభావం ఉందని రాస్తే, వెంటనే ఎంత ఉందో వెతకండి. ‘గణాంకపరంగా ప్రాముఖ్యం ఉంది’ అన్న మాటకు పెద్ద ప్రభావమని అర్థం కాదు. ఇది కేవలం కాకతాళీయం కాకపోవచ్చు అని మాత్రమే. మనుషులు లక్షల్లో ఉంటే నలుసంత తేడా కూడా ఆ పరీక్ష దాటేస్తుంది. ఫేస్‌బుక్, కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన భావోద్వేగాల ప్రయోగం చూడండి. 6,89,003 మందికి చెప్పకుండా, 2012లో ఒక వారం పాటు వారికి కనిపించే పోస్టుల్లో సంతోషపు పోస్టులనో, విచారపు పోస్టులనో తగ్గించారు. చెప్పకుండా చేసినందుకు వచ్చిన దుమారం న్యాయమైనదే. ప్రభావం మాత్రం అత్యల్పం: సంతోషపు పోస్టులు తగ్గించినప్పుడు జనం రాతల్లో సంతోషపు మాటల వాటా తగ్గింది 0.1 శాతం మేర.

ఫోన్ల గురించి కూడా ఇలాంటిదే ఒకటి. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఏమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ 2019లో 3,55,358 మంది కౌమారుల వివరాలు పరిశీలించారు. వారి మానసిక శ్రేయస్సులోని హెచ్చుతగ్గుల్లో డిజిటల్ పరికరాల వాడకంతో ముడిపెట్టగలిగింది గరిష్ఠంగా 0.4 శాతం. అదే లెక్కల్లో బంగాళాదుంపలు తినడానికీ దాదాపు అంతే ప్రతికూల సంబంధం కనిపించింది, కళ్ళద్దాలు పెట్టుకోవడానికి ఇంకాస్త ఎక్కువే. దీన్ని బట్టి పిల్లల చేతికి రాత్రంతా ఫోను ఇవ్వవచ్చని కాదు. సగటు లెక్క ఒక పిల్లవాడి సంగతి చెప్పదు. కానీ ‘ఫోన్లు ఒక తరాన్ని నాశనం చేశాయి’ అన్న శీర్షిక కింద ఈ సంఖ్య రాసిపెట్టుకుంటే మాట తీరు మారుతుంది.

ప్రభావాన్ని తరచుగా ప్రామాణిక విచలనాల్లో, అంటే మార్కులు సగటు నుంచి అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతలో, చెబుతారు. భయపడకండి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో, పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చి చూశారు. 2011లో ప్రచురితమైన ఆ పత్రంలో రెండేళ్ళ తర్వాత లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మెరుగుదల అని ఉంటుంది. 0.27 అంటే నూరు మంది వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు సుమారు పది మందిని దాటి ముందుకు వెళ్ళినంత. చదువుల పరిశోధనల్లో అది మంచి ఫలితమే.

7. ఇంకెవరైనా చేసి చూశారా? పత్రం వెనక్కి పోయిందా?

గూగుల్ స్కాలర్‌లో ఆ పత్రం కింద ‘దీన్ని ఉటంకించినవి’ అన్న లింకు ఉంటుంది. దాన్ని నొక్కి, ఆ ఫలితాల్లోపలే వెతికే వీలున్న గడిలో టిక్ పెట్టి, మళ్ళీ చేసి చూడటానికి వాడే ‘రెప్లికేషన్’ అన్న మాటను ఇంగ్లీషులో కొట్టండి. నా లెక్కలో మొత్తం పద్ధతిలో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చేది ఈ ఒక్క వెతుకులాటే. ఎందుకంటే 2015లో బ్రయాన్ నోసెక్ నాయకత్వంలో వందలాది పరిశోధకులు 100 మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను మళ్ళీ చేసి చూశారు. అసలు పత్రాల్లో 97 శాతం ప్రాముఖ్యమున్న ఫలితం చూపితే, రెండోసారి 36 శాతమే నిలిచాయి.

మన వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఎప్పుడూ వినిపించే మిఠాయి ప్రయోగం తెలిసిందే కదా. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ నర్సరీ పిల్లల ముందు మార్ష్‌మాలో అనే మిఠాయి పెట్టి, ఆగితే రెండోది ఇస్తానన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారని 1990లో ఒక పత్రం వచ్చింది. ఆ పోలికకు దొరికిన పిల్లలు కొద్దిమందే, వారిలో ఎక్కువమంది విశ్వవిద్యాలయం చుట్టుపక్కల కుటుంబాలవారు. 2018లో టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా, రకరకాల ఇళ్ళ పిల్లలతో చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితి, పిల్లల తొలినాటి తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే ఆ మిగిలిన సగంలోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది. తరగతుల్లో ఈ రెండో భాగం చెప్పగా నేనింకా వినలేదు. లాప్‌టాప్ కన్నా చేత్తో నోట్సు రాస్తే బాగా గుర్తుంటుందన్న 2014 నాటి ఫలితానిదీ ఇంచుమించు ఇదే దారి. 2021లో నేరుగా మళ్ళీ చేసినప్పుడు పరీక్షలో ఆ తేడా కనిపించలేదు.

చివరగా రిట్రాక్షన్ వాచ్ జాబితాలో పత్రం పేరు కొట్టి చూడండి. వెనక్కి తీసుకున్న పత్రాలు అక్కడ నమోదవుతాయి, ఆ జాబితా అందరికీ ఉచితం. పత్రాన్ని పాత సేవ్ చేసిన పీడీఎఫ్‌లో కాక, జర్నల్ పేజీలోనే తెరవండి. ఉపసంహరించి ఉంటే సాధారణంగా ఆ సంగతి పైనే కనిపిస్తుంది.

ఇక ముందు చెబుతానన్న కథ. దరఖాస్తు చివర కాక మొదట్లోనే ‘నిజమే చెబుతున్నాను’ అని సంతకం చేయిస్తే జనం నిజాయతీగా నింపుతారని 2012లో పీఎన్ఏఎస్ అనే పేరున్న జర్నల్‌లో వచ్చింది. ప్రభుత్వాలు, బీమా సంస్థలు ఆసక్తి చూపాయి. 2020లో ఆ రచయితలే మళ్ళీ చేస్తే ఫలితం రాలేదు. 2021లో, పరిశోధనల లెక్కలను తనిఖీ చేసే డేటా కొలాడా అనే బృందం అందులోని కారు బీమా లెక్కలు తెరిచింది. మామూలుగా ఎక్కువ కార్లు ఒక మధ్యస్థ దూరం తిరుగుతాయి, అతి తక్కువ, అతి ఎక్కువ తిరిగేవి కొన్నే ఉంటాయి. ఇక్కడ మాత్రం సున్నా నుంచి 50,000 మైళ్ళ దాకా ఏ దూరం చూసినా దాదాపు సమానంగా కార్లు ఉన్నాయి. యాభై వేలు దాటిన కారు ఒక్కటీ లేదు. ఆ లెక్కలు కల్పించినవని తేలింది, పత్రం అదే ఏడాది వెనక్కి పోయింది. నిజాయతీ మీద పరిశోధనకే ఈ గతి పట్టింది.

8. ఇతరులకు చెప్పేటప్పుడు

వార్తను ఉన్నది ఉన్నట్టు పంపకుండా, మీరు కాగితం మీద రాసుకున్న వివరాలతో ఒక్క వాక్యం తిరిగి రాయండి. ఎవరు, ఎంతమంది, ఏం చేశారు, ఏం కొలిచారు, ఏ దశ. ఎంఐటీ పత్రానికి అది ఇలా ఉండవచ్చు: ‘బోస్టన్‌లో 54 మంది యువత మీద చేసిన, 2025లో ఇంకా సమీక్ష కాకముందే విడుదలైన అధ్యయనంలో, చాట్‌జీపీటీతో వ్యాసం రాసినవారి మెదడు ఆ సమయంలో తక్కువ శ్రమపడింది, రాసింది వెంటనే గుర్తులేదు, ముందు సొంతంగా రాసి తర్వాత ఏఐ వాడిన కొద్దిమందిలో ఆ లోపం కనిపించలేదు.’ కింద పత్రం లింకు పెట్టండి. ‘మరి పిల్లవాడి చేత ఏఐ వాడించాలా వద్దా?’ అని కుటుంబ బృందంలో పిన్నిగారో, బావగారో అడిగితే, ముందు చిత్తు ప్రతి వాడినే రాయనివ్వమని, ఏఐని ఆ తర్వాత తెరవమని చెప్పవచ్చు. అయితే అది 18 మందిని చూసి ఇస్తున్న సలహా అని కూడా చెప్పండి.